పరిగహే అనే మాట వెతుకు

ఒరేయ్ సత్యం,

నాగార్జునకొండ వెళ్తూ "అది బౌద్ధాచార్యుడు నాగార్జునుడి మఠమే కదా" అని రాశావు. అక్కడే అందరూ పప్పులో కాలేస్తారు. కొండకి ఆ పేరు తర్వాత వచ్చింది. ఆంధ్ర ఇక్ష్వాకు రాజుల కాలంలో అది శ్రీపర్వతం, ఊరు విజయపురి. అక్కడి మహాచైత్యం, అంటే పెద్ద స్తూపం, అపరమహావినసేలియులనే బౌద్ధ శాఖది. మహాసాంఘికులనే పాత శాఖలోంచి చీలిన చైతికుల కొమ్మ, మన ఆంధ్ర నికాయాల్లో, అంటే బౌద్ధ శాఖల్లో, ఒకటి.

ఆ సంగతి చెప్పేవి ఆయక స్తంభాల మీది శాసనాలు. స్తూపానికి నాలుగు వైపులా అరుగుల మీద నిలిపినవే ఆ స్తంభాలు. దిక్కుకి ఐదు చొప్పున 20. బుద్ధుడి పుట్టుక, ఇల్లు విడవడం, బోధి, తొలి బోధన, మహాపరినిర్వాణం అని ఐదింటికీ అర్థం చెప్తారు. భాష ప్రాకృతం, లిపి బ్రాహ్మి. అక్షరాల తోకలు తీగల్లా సాగుతాయి, తోకని చూసి అక్షరం అనుకోకు. మొదటి భాగంలో చాంతమూల రాజు చేసిన అశ్వమేధం లాంటి యజ్ఞాల గొప్పలుంటాయి. తర్వాత దాత పేరు: ఆయన తోబుట్టువు చాంతిసిరి. ఆయన యజ్ఞాలు చేస్తే ఆమె స్తూపం కట్టించింది, ఎవరికీ పేచీ లేదు! చాంతమూలుడి కొడుకు వీరపురుషదత్తుడు రాజైన 6వ ఏట పని పూర్తయింది.

చైత్యం ఏ శాఖదో తేల్చడానికి నీకు కావాల్సింది "పరిగహే" లేదా "సుపరిగహితం", అంటే స్వీకారం. దాని ముందు "నం"తో ముగిసే పేరే నికాయం. అన్ని స్తంభాల మీదా ఉండదు. "ధాతువరపరిగహిత" కనిపిస్తే మోసపోకు, అది ధాతువు, అంటే బుద్ధుడి అస్థిక, గురించిన మాట. అమరావతిలోనూ ఇదే పద్ధతి, అక్కడ "చేతికియానం నికాయస పరిగహే" అని ఉంటుంది.

పుస్తకాలతో మాత్రం జాగ్రత్త. అర్హతుడికీ (నిర్వాణం పొందినవాడికీ) నిద్రలో స్ఖలనం కావచ్చని ఆంధ్ర శాఖలైన పూర్వ, అపర శైలీయులు వాదించారని కథావత్థు అనే థేరవాద గ్రంథం మీది వ్యాఖ్యానం అంటుంది. అది ప్రత్యర్థుల పుస్తకం. బౌద్ధ శాఖల గురించి రాసిన వసుమిత్రుడైతే స్తూపపూజకి పెద్ద ఫలం లేదన్నది చైత్యశైలుల, అంటే ఈ చైతికుల వర్గం, మతమని రాశాడు. ఇంత చైత్యం కట్టించుకున్నవాళ్ళ మీద! నాకైతే రాతిమీదే నమ్మకం.

ఇంకోటి: లాంచీ దిగాక కనిపించే కట్టడాలు అసలు చోట లేవు. లోయ జలాశయంలో మునిగిపోతుందని కొన్నిటిని పైకి తెచ్చి మళ్ళీ కట్టారు. కాబట్టి స్తూపం చుట్టూ తిరిగి సరిపెట్టుకోకుండా, సగం పూట మ్యూజియంలో శాసనాలకి ఉంచుకో. పక్కనుంచి టార్చి వేస్తే అరిగిన గీతలు లేచి కనిపిస్తాయి.

నీ
రాఘవ