నార్పల వైపు నుంచి వచ్చిన ఆ అమ్మాయికి

కళ్లు మూతలు పడుతున్నా రాస్తున్నాను, అక్షర దోషాలుంటే సర్దుకుని చదవండి. అనంతపురంలో నేను లెక్కలు చూసే చీనీ (బత్తాయి) మండీలో, ఆగిపోయిన కాటా ఈ సాయంత్రం ఆ అమ్మాయి చలవతో మళ్లీ పలికింది. బండ్లు కదిలాయి, రైతులు బిల్లులు తీసుకుని ఇళ్లకు వెళ్లారు.

మండీ లెక్కల ప్రోగ్రాం సీ భాషలో నేను రాసిందే. కమీషన్, హమాలీ, తరుగు లెక్కలు ఊరికే మారుతుంటాయి గనుక వాటిని లూవా అనే చిన్న ప్రోగ్రామింగ్ భాషలో విడిగా రాసి, ఆ లూవాను ప్రోగ్రాం లోపలే ఇమిడ్చాను. (‘సూటు’ పేరుతో రైతు దగ్గర కోసే తరుగు న్యాయమా అంటే, అది వేరే తగాదా.) 1993లో బ్రెజిల్‌లో పుట్టిన ఆ చిన్న భాష ఇన్నాళ్లూ నోరెత్తకుండా పనిచేసింది. కొత్త కాటా రావడంతో చిక్కు మొదలైంది. దాని బరువు చదవాలంటే కాటా కంపెనీ ఇచ్చిన లైబ్రరీని (సిద్ధంగా రాసి ఉంచిన ఫంక్షన్ల ఫైలును) లూవా లోడ్ చేసుకోవాలి.

మొదట ఆ మాడ్యూల్, అంటే ఆ లైబ్రరీ ఫైలు, కనిపించలేదంది లూవా. ఆ ముడి నేనే విప్పాను. కంప్యూటర్ ఆన్ కాగానే ప్రోగ్రాం తనంతట తాను మొదలవుతుంది, అప్పుడు అది ఉండే ఫోల్డరు వేరు. ‘ఇక్కడే వెతుకు’ అని రాసి ఉంటే లూవా ఆ వేరే ఫోల్డరులో వెతుకుతోంది. ఇలాంటి ఫైళ్లను ఎక్కడ వెతకాలో లూవాకు చెప్పే సీపాత్‌లో ఫైలు పూర్తి చిరునామా ఇచ్చాను, దొరికింది. దొరికాక అసలు కష్టం వచ్చింది: లూవా ఫంక్షన్ల పేర్లే తెలియవంటుంది ఆ లైబ్రరీ. లూవా లోపలే కూర్చుని ఉన్నా!

కంపెనీ సంగతి చెప్పకుండా ఉండలేను. ఏడాది నిర్వహణ రుసుము ముందే కట్టించుకున్నారు. ఫోన్ చేస్తే ఒక ఫిర్యాదు నంబరు, కొంతసేపటికి ‘మీ సమస్య పరిష్కారమైంది’ అని సందేశం. ఎవరికి పరిష్కారమైందో! చివరికి దొరికిన ఒకాయన, లూవా షేర్డ్ లైబ్రరీని, అంటే ప్రోగ్రాం బయట విడి ఫైలుగా ఉండే లూవాను, ముందుగా లోడ్ చేయమన్నాడు. చేస్తే, ఒకటికి మించి లూవా వీఎంలు (లూవాను నడిపే యంత్రాంగాలు) ఉన్నాయంటూ ప్రోగ్రాం పడిపోయింది. వాళ్ల కాటా లైబ్రరీని ఏ లూవా వెర్షనుకు కట్టారో ఒక్క ముక్క రాసి ఇచ్చిన పాపాన పోలేదు. తూనికల శాఖ ముద్ర వేయించిన కాటా అది, పక్కన పెట్టి మరొకటి తెచ్చుకోవడం చెప్పినంత తేలిక కాదు.

ఎండలో కాయ వాడిపోతోంది, వాడిన కొద్దీ తూకం తగ్గుతుంది. రైతులు నా మీద అరిచారు, అరవడం న్యాయమే. అప్పుడు తాతగారి బండితో వచ్చిన ఆ అమ్మాయి కిటికీ దగ్గర నిలబడి, “అన్నా, ఒకసారి నేను చూడవచ్చా?” అని అడిగింది. బెంగళూరులో ఉద్యోగమట, సెలవుకు వచ్చిందట. ఆమె వేసిన మొదటి ప్రశ్న “లూవాను స్టాటిక్‌గా కలిపారా?” అని, అంటే విడి ఫైలుగా కాక ప్రోగ్రాంలోనే కలిపేశానా అని. అవునన్నాను. నా ప్రోగ్రాం మీద, లోపలి ఫంక్షన్ల పేర్లు చూపే ‘ఎన్‌ఎం’ నడిపి చూసి, “ఫంక్షన్లన్నీ ఇంట్లోనే ఉన్నాయి అన్నా, తలుపు గడియ వేసి ఉంది” అంది. ప్రోగ్రాం ముక్కలను కలిపే లింకర్‌కు, ప్రోగ్రాం సింబల్స్‌ను (ఫంక్షన్ల పేర్లను) బయటికి కనబడనివ్వమని చెప్పే చిన్న ఆప్షన్ ఒకటి చేర్చి మళ్లీ బిల్డ్ చేయించింది. బయటి లూవా మరొకటి లోడ్ అయితే రెండు కాపీలవుతాయి, వీఎంల గొడవ అందుకే వచ్చిందని చెప్పి, కంపెనీ ఆయన పెట్టించిన వరుసను తీయించింది. కాటా లైబ్రరీ లూవా 5.3కు కట్టిందేనని, నా లూవా కూడా 5.3 అని సరిచూసుకున్నాకే కుర్చీలోంచి లేచింది.

మధ్యలో వాళ్ల తాతగారు ఆలస్యమవుతోందని పిలిచారు. “మన బండి చివర తూచుకుందాం తాతా, వీళ్లు పొద్దుటి నుంచి ఉన్నారు” అంది. ఆ తర్వాత నా వైపు తిరిగి “తిన్నారా అన్నా?” అని అడిగింది. నాకు మాట రాలేదు. అన్ని గంటల్లో నన్ను ఆ మాట అడిగిన మనిషి లేడు. తాత కోసం తెచ్చిన క్యారియర్‌లోంచి సంగటి, వేరుశనగ చట్నీ పెట్టింది. ముఖం కనబడకుండా కంప్యూటర్ వైపు తిరిగి తిన్నాను. చివరి బండిగా వాళ్లదే తూచాం, అప్పటికి చీకటి పడింది. పేరు అడగాలన్న ధ్యాసే లేకపోయింది. అమ్మా, ఇది మీ కంటపడితే మీకు, మీ తాతగారికి నా నమస్కారాలు.

ఇంట్లో వాళ్లు, తమ్ముడు ఎలాగూ తోడున్నారు, వాళ్లకు వేరే చెప్పాలా.

అయ్యో, హమాలీలను మరిచాను. కాటా ఆగినంతసేపూ పాత తక్కెడతో తూచి, పలక మీద రాసి పెట్టారు. కరెంటు పోతే ఇన్వర్టర్ తీగ లాగి ఇచ్చిన జిరాక్స్ షాపు అబ్బాయికి, ఆ హమాలీలకు కూడా నమస్కారాలు. పక్క మండీ గుమాస్తాగారూ, మీ ఛార్జర్ నా సంచిలోనే ఉంది, పొద్దున తెచ్చి ఇస్తాను.