గోపాల్‌పూర్ ఫోటోలు

అందరికీ నమస్కారం. ఆదివారం గోపాల్‌పూర్ బీచ్‌కి వెళ్లొచ్చిన ఫోటోలు పెడుతున్నాను, మొత్తం 14. బరంపురం నుంచి 16 కిలోమీటర్లే కదా, పొద్దున్నే బజార్లో ఉప్మా మీద ఘుగునీ (బఠానీల కూర) పోయించుకుని తినేసి బయల్దేరాం. ఆ ఫోటోలో దొన్నె అంచు నుంచి రసం కారుతోంది చూడండి, మరుక్షణం అది నా కొత్త చొక్కా మీదే పడింది. లైట్‌హౌస్ సగమే వచ్చింది, తీసింది మా బామ్మర్ది. ఒడ్డున తాగిన అల్లం టీకి మాత్రం మూడు ఫోటోలు తీశాను. ఒక్కదాంట్లోనూ ఆవిరి పడలేదు, గాలి అలా ఉంది మరి. కొబ్బరిబోండంతో పిన్ని దిగిన ఫోటో ఆవిడ సరేనంటేనే పెడతాను.

వచ్చే ఆదివారం చిలికా సరస్సు ఒడ్డున ఉన్న రంభ ఊరికి వెళ్దామా? సరస్సులో పడవ ఎక్కాలనుకునేవాళ్లు శుక్రవారంలోగా చెప్పండి, బండి మాట్లాడాలి. టీ ఖర్చు నాది.