ఆడవాళ్ల స్నేహం పెళ్లిదాకానేనా?

సంపాదకుడు గారికి,

స్నేహితుల దినోత్సవం నాడు మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన ‘స్నేహం చుట్టూ అల్లిన నవలలు’ వ్యాసం చదివి పది రోజులైంది. రాయాలా వద్దా అనుకుంటూనే ఉన్నాను, మనసు ఊరుకోలేదు. రెండు పేజీల నిండా మగవాళ్ల స్నేహాలే. ఆడవాళ్లకు దక్కింది ఒక్క వాక్యం, అదీ ‘వాళ్ల స్నేహాలు పెళ్లిదాకానే’ అని. ఎవరిని అడిగి రాశారండీ ఆ మాట?

1978లో తిరుపతి పద్మావతి మహిళా కళాశాలలో నాతోపాటు బీఏలో చేరిన అమ్మాయికి రెండో ఏడే పెళ్లి చేశారు. చదువు ఆగిపోయింది. నేను టీచరునయ్యాను, తను అత్తగారింట్లో పాడి, సేద్యం చూసుకుంది. మధ్యలో ఒక మాట పట్టింపు వచ్చి నాలుగేళ్లు పలకరింపుల్లేవు. అయినా తనే నా జతగత్తె. ఏటా పంచమీ తీర్థానికి తిరుచానూరులో కలుసుకుంటాం. మొన్న తనకు మోకాలి ఆపరేషన్ అయితే ఆసుపత్రిలో తోడుగా పడుకున్నదాన్ని నేనే.

అందుకే ఇటలీ రచయిత్రి ఎలెనా ఫెరాంటే రాసిన నేపుల్స్ నగరపు నవలలు చదువుతుంటే కళ్లు చెమర్చాయి. 2011 నుంచి 2014 దాకా ఇటలీలో ఏడాదికొకటి చొప్పున నాలుగు సంపుటాలు వచ్చాయి. లీలా, ఎలెనా అనే ఇద్దరు స్నేహితురాళ్ల కథ అది (ఈ ఎలెనా నవలలో పాత్ర, పుస్తకం రాసినావిడ కాదు). ఇద్దరిలో ఎక్కువ తెలివైనది లీలా. ప్రాథమిక బడితోనే ఆమె చదువు ఆగిపోతుంది, తండ్రి చెప్పుల కొట్టులో పనికి చేరుతుంది. ఎలెనా యూనివర్సిటీ దాకా చదివి రచయిత్రి అవుతుంది. అసూయ, పోటీ, ఏళ్ల తరబడి దూరం అన్నీ ఉన్నాయి వాళ్ల మధ్య. ముసలితనం వచ్చినా ఒకరి ఆలోచనల్లోంచి ఇంకొకరు పోరు.

అమెరికన్ రచయిత్రి టోనీ మోరిసన్ నవల ‘సూలా’ (1973)లో సూలా వల్లనే ఆమె స్నేహితురాలు నెల్ కాపురం చెడిపోతుంది. సూలా చనిపోయిన ఎన్నో ఏళ్లకు, ఇన్నాళ్లూ తను బెంగపెట్టుకున్నది భర్త మీద కాదు, సూలా మీద అని నెల్‌కు తెలిసొస్తుంది. మన ఓల్గా గారి ‘విముక్త’ నవల కాదు, కథలే. కానీ సీతా శూర్పణఖలను స్నేహితులను చేసిన ఆ పుస్తకానికి 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. మీ వ్యాసకర్తకు అదీ గుర్తు రాలేదు.

ఈ పుస్తకాలు తెప్పించమని మా దగ్గరి గ్రంథాలయంలో అడిగాను. రిజిస్టర్‌లో రాసి పొమ్మన్నారు. ఏడాదిన్నర తర్వాత వెళ్తే ఆ రిజిస్టరే లేదు. నవలల బీరువాకు తాళం. తాళంచెవి దగ్గరున్న మనిషేమో సెలవు. పోటీ పరీక్షల పుస్తకాలు కొననివ్వండి, పిల్లలకు ఉద్యోగాలు కావాలి. అంతమాత్రాన నవల చదివే ఆడమనిషి లెక్కలో లేకుండా పోవాలా? ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు మేమూ కడుతున్నాం. ఒక గంట కూర్చుని చదువుకుందామంటే ఆడవాళ్లకు బాత్రూం కూడా లేదక్కడ. ఎన్ని అర్జీలిచ్చినా ‘చూస్తాం’ అనే మాట తప్ప ఇంకొకటి వినలేదు.

ఆ వాక్యాన్ని దయచేసి సరిదిద్దండి. వారానికొకటైనా ఇలాంటి నవలను మీ అనుబంధంలో పరిచయం చేయండి. నా స్నేహితురాలికి ఇంగ్లీషు చదవడం కష్టం. ఫెరాంటే కథను నేనే రోజూ రాత్రి ఫోన్‌లో కొంచెం కొంచెం చెబుతున్నాను. ఇప్పుడు మూడో సంపుటంలో ఉన్నాం.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, చిత్తూరు