మంత్రి గారూ, ఆ కొలత రాత్రి పదిన్నరకు తీయించండి

గౌరవనీయులైన మంత్రి గారికి, హైదరాబాద్ మలక్‌పేట నుంచి ఒక బ్రాడ్‌బ్యాండ్ వినియోగదారుడు నమస్కారాలతో రాస్తున్న బహిరంగ లేఖ.

ఇది నా నాలుగో విన్నపం. మొదటి మూడూ రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. అందినట్టు రసీదులు వచ్చాయి, జవాబు మాత్రం రాలేదు. టార్ అంటే ఇంటర్నెట్ వాడే మనిషి జాడ తెలియకుండా అతని సమాచారాన్ని చాలా కంప్యూటర్ల గుండా తిప్పి పంపే ఏర్పాటు, అలా చేరవేసే ఒక్కో కంప్యూటరూ ఒక రిలే. మా ఇంట్లో దానికి రిలే ఎందుకు నడుపుతున్నానో మొదటి ఉత్తరంలోనే నాలుగు పేజీలు రాశాను కాబట్టి ఆ సంగతి మళ్లీ ఎత్తను. ఇప్పుడు నా బాధ ఒక్కటే. మా ఇంటి కనెక్షన్ వేగాన్ని నిజాయతీగా కొలిచే మనిషి ఈ ఊళ్లో నాకు దొరకడం లేదు.

మా ఫ్రిజ్ మీద అరచేయంత కంప్యూటర్ ఒకటి రెండేళ్లుగా నడుస్తోంది. ఒక రిలే నుంచి వచ్చిన గుప్త సమాచారాన్ని అందుకుని మరో రిలేకు చేరవేయడమే దాని పని. ఎంత మోయగలదో నేనే ముందుగా రాసిపెట్టాలి. సెకనుకు 2 మెగాబైట్లు, అంటే 16 ఎంబీపీఎస్ (సెకనుకు 16 మెగాబిట్లు) అని రాశాను. ఒక్కసారిగా రద్దీ పెరిగితే ఎంతవరకు పోనివ్వాలో, నెలలో ఎన్ని జీబీలు దాటితే నిద్రలోకి జారుకోవాలో కూడా అక్కడే రాస్తాం. మా ప్లాన్ పరిమితి నెలకు 3,300 జీబీలు. రిలేకు కనీసం ఉండాల్సిన 10 ఎంబీపీఎస్ వేగంతో నిండుగా నడిపినా రోజుకు వచ్చేది 108 జీబీలు, పోయేది 108 జీబీలు. పదిహేను రోజుల్లో కోటా ఖాళీ అవుతుంది. అందుకే రాకకు 1,200, పోకకు 1,200 అని హద్దు పెట్టి, మిగిలింది పిల్లల చదువులకూ ఇంటి అవసరాలకూ ఉంచాను. ఒక్క నెల కూడా గీత దాటలేదు.

ఇంత చేసినా టార్‌లో నా మాటను ఊరికే నమ్మరు. నమ్మకూడదు కూడా. గత ఐదు రోజుల్లో ఏదైనా పది సెకన్ల పాటు నిలకడగా మోసిన గరిష్ఠ వేగం ఎంతో మా రిలే తానే చెప్పుకుంటుంది. కానీ వేరే చోట ఉన్న పర్యవేక్షకులు మా రిలే గుండా ఫైళ్లు దింపి, ఎంతసేపు పట్టిందో చూసి, మిగతా రిలేలతో పోల్చి తూకం వేస్తారు. ఆ తూకం అంకె ఎంత పెద్దదైతే అంత మంది వాడకందారులు మా దారిన వస్తారు. కనీసం ముగ్గురు కొలిచేదాకా కొత్త రిలే తూకం 20 దగ్గరే ఆగుతుంది. ఆ తర్వాత కొలతలన్నిటిలో మధ్యన ఉన్నదాన్ని తీసుకుని, గంటగంటకూ వెలువడే జాబితాలో అందరికీ కనబడేలా పెడతారు. లేని వేగం ఉందని చెప్పి జనాన్ని తన దారికి లాక్కునేవాడిని ఆపడానికే ఈ ఏర్పాటు. ఆ కొలిచేవారు ఐరోపాలో, అమెరికాలో ఉంటారు. హైదరాబాద్ అంత దూరం కాబట్టి మనకు కొంత తరుగు పోతుంది. ఆ తరుగును నేను ఒప్పుకుంటాను.

కానీ మా రిలే తూకం 2,100 నుంచి 310కి పడిపోయింది. రాత్రికి రాత్రి దూరం పెరగదు కదా!

నలభై ఒక్క రాత్రులు మేలుకుని నోటు పుస్తకంలో రాసుకున్నాను. రాత్రి పది దాటగానే అప్‌లోడ్ వేగం 6 ఎంబీపీఎస్‌కు దిగిపోతుంది. తెల్లవారుజామున ఐదుకు మళ్లీ లేస్తుంది. అప్పటికి కోటాలో సగం కూడా అయిపోయి ఉండదు. నేను పెట్టుకున్న హద్దు నాకు తెలుసు. కనెక్షన్ ఇచ్చిన కంపెనీ వాళ్లు పెట్టిన హద్దు బిల్లులో లేదు, ఒప్పందంలో లేదు, అడిగితే అసలు అలాంటిదేమీ లేదంటారు.

ఫిర్యాదు చేస్తే ఒక అబ్బాయి వచ్చాడు. ఉదయం పదకొండున్నర, బయట వాన. తడిసిన చొక్కాతోనే రౌటర్ పక్కన నిలబడి తన ఫోనులో స్పీడ్ టెస్ట్ తెరిచాడు. ఆ పరీక్ష వెళ్లి తాకేది ఎక్కడో కాదు, ఇదే ఊళ్లో ఉన్న ఆ కంపెనీ సర్వరునే. 194 ఎంబీపీఎస్ చూపించింది. ఫోటో తీసుకున్నాడు. "బాబూ, సమస్య రాత్రిళ్లు వస్తోంది, అది కూడా అప్‌లోడ్‌లో" అన్నాను. "నాకు ఇలాగే చూడమని చెప్పారు సార్" అన్నాడు. అతను మా వీధి మలుపు తిరగకముందే "మీ సమస్య పరిష్కారమైంది" అని సందేశం వచ్చింది. ఇలా ఐదుసార్లు జరిగింది. ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు.

అయ్యా, సరూర్‌నగర్ రైతు బజారులో కిలో టమాటాలు తూచే త్రాసుకు కూడా ప్రభుత్వ ముద్ర ఉండాలి. అమ్మేవాడు తన త్రాసుకు తానే ముద్ర వేసుకుంటానంటే మీరు ఒప్పుకుంటారా? నెలకు వెయ్యి రూపాయలు తీసుకుని అమ్మే వేగానికి ఆ ముద్ర ఎందుకు లేదు? పరిమితి దాటాక వేగం ఎంతకు తగ్గుతుందో వినియోగదారుడికి ముందే చెప్పాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2016లోనే ఆదేశించింది. పరిమితి దాటకుండానే తగ్గించేవారిని ఏ నిబంధన కింద అడగాలో మీరే చెప్పండి.

ఆరోసారి ఫోన్ చేసినప్పుడు అవతలి ఉద్యోగి, "అసలు ఇదంతా మీకెందుకండీ, దాచుకోవాల్సిన పని ఏముంది?" అని అడిగారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. భర్త దెబ్బలకు తాళలేక ఇల్లు వదిలిన మనిషి తన జాడ తెలియకుండా సహాయం వెతుక్కోవడం తప్పా? గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా చెప్పింది. నేను దాస్తున్నది నా గుట్టు కాదు. ఎవరో తెలియని మనుషుల కోసం, నేను డబ్బు కట్టి కొనుక్కున్న వేగంలోంచే కొంత పంచుతున్నాను.

దయచేసి కంపెనీతో సంబంధం లేని కొలత ఏర్పాటు చేయించండి. నగరంలో కొన్ని ఇళ్లలోనైనా సరే, కంపెనీ సర్వరుకు కాకుండా బయటి సర్వర్లకు, రాత్రిపూట, అప్‌లోడ్‌ను కూడా కొలవాలి. ఆ లెక్కలు అందరికీ కనబడేలా పెట్టాలి. వేగం తగ్గించే హద్దు ఏదైనా ఉంటే బిల్లు మీద అచ్చు వేయించాలి. రిలే నడపడం వాళ్లకు ఇష్టం లేకపోతే ఆ మాట కాగితం మీద రాసిమ్మనండి, చదువుకుంటాను. ఏదీ కుదరకపోతే ఈ నాలుగో ఉత్తరానికి ఒక్క వాక్యం జవాబైనా ఇప్పించండి.

లేదా మీ కార్యాలయం నుంచి ఎవరినైనా ఒక రాత్రి పదిన్నరకు మా ఇంటికి పంపండి. నోటు పుస్తకం బల్ల మీదే ఉంటుంది. నేను మేలుకునే ఉంటాను.

ఇట్లు,
మలక్‌పేట నుంచి ఒక రిలే నిర్వాహకుడు