జ్వరం సర్వే పద్ధతిని వదిలేయకండి: ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారూ, నమస్కారం.

2021 మేలో, కోవిడ్ సమయంలో, మన తెలంగాణలో ఇంటింటి జ్వరం సర్వే జరిగింది. ఆశా, ఏఎన్ఎం అక్కలు గడప గడపకీ తిరిగి, జ్వరమో దగ్గో ఉందంటే టెస్టు రిపోర్టు కోసం ఆగకుండా మందుల కిట్టు చేతిలో పెట్టి వెళ్లారు. బీపీ, షుగర్‌కి అదెందుకు పనికిరాదు? మందులు ఇస్తున్నారు, కాదనను. కానీ మధ్యలో మానేసినవాళ్ల ఇంటికి వెళ్లి ఎందుకు మానేశావని అడిగేదెవరు? పక్షవాతం వచ్చాకే కదా తెలిసేది!

ఇంకోటి, కోవిడ్ టెస్టులకు వాడిన ట్రూనాట్ మెషీన్లు అసలు టీబీ కోసం తయారైనవే. బ్యాటరీతో నడుస్తాయి, పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. వాటిని పీహెచ్‌సీల్లో పెట్టి, టెస్టుకి వాడే చిప్పులు అయిపోకుండా చూడండి చాలు.

2020లో మొదలైన ఈ-సంజీవని ఓపీడీ, అదే వీడియో కాల్‌లో డాక్టర్‌కి చూపించుకునే సేవ, కూడా మంచిదే, కాకపోతే ఏ స్పెషలిస్టు ఏ టైముకి దొరుకుతారో సబ్‌సెంటర్ గోడ మీద రాయించండి.

ఇదంతా మోసేది మళ్లీ ఆశాలే. అప్పుడు చప్పట్లు కొట్టాం, ఇప్పుడు పనికింతని లెక్కగట్టే ఇన్సెంటివ్ కాకుండా నెల జీతం ఇవ్వండి.