జనానికి లెక్క తెలుసు, చేతిలో డబ్బే లేదు

ఎడిటర్ గారికి నమస్కారం,

కరెంటు పొదుపు మీద ఏ వార్త వచ్చినా చివరికి "ప్రజల్లో అవగాహన పెరగాలి" అన్న దగ్గరే ఆగిపోతుంది, చదివిన ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది. పేద దేశాల్లో కరెంటు వృథా అవ్వడానికి తెలియకపోవడం కంటే డబ్బు ఇబ్బందులే పెద్ద కారణమని నా గట్టి నమ్మకం, అందుకే ఈ ఉత్తరం, వీలుంటే వేయండి.

మోటారు సంగతే చూడండి. చిన్న ఫ్యాక్టరీలో పది కిలోవాట్ల మోటారు వైండింగ్ కాలిపోయిందనుకుందాం. ఓనర్ పాతదానికే రీవైండింగ్ (కాలిన తీగ తీసి కొత్త తీగ చుట్టించడం) చేయించి రేపో ఎల్లుండో మళ్లీ తిప్పుకోవచ్చు, లేదా ఎఫిషియెన్సీ ఎక్కువున్న, అంటే అదే పనికి తక్కువ కరెంటు తాగే కొత్తది కొనుక్కోవచ్చు. పాతది 85 శాతం, కొత్తది 90 శాతం అనుకుంటే ఏడాదికి ఆరు వేల గంటలు నడిచేచోట దాదాపు 3,900 యూనిట్లు తేడా పడుతుంది. అసలు అలా నడిచే మోటారుకి దాని జీవితకాలంలో అయ్యే ఖర్చులో కొన్న ధర చాలా చిన్న ముక్క, మిగతాదంతా కరెంటు బిల్లే. ఇది ఆ ఓనర్‌కి తెలీదా అంటే మనకంటే బాగా తెలుసు. కానీ రీవైండింగ్ చేయిస్తే మిగిలే డబ్బుతో ముడిసరుకు తెచ్చుకుని చేతిలో ఉన్న ఆర్డర్ పూర్తి చేయగలడు, అది ఈ నెల జీతాలు ఇవ్వడానికి పనికొస్తుంది. బయట నూటికి నెలకి మూడు చొప్పున అప్పు తెచ్చేవాడికి ఏడాదికి 36 శాతం వడ్డీ అవుతుంది కదా, "నాలుగేళ్లలో పెట్టుబడి తిరిగొచ్చేస్తుంది" అంటే ఏడాదికి 25 శాతమే వచ్చినట్టు, ఆ వడ్డీకే చాలదు, ఇంక అతను ఎందుకు కొంటాడు చెప్పండి. బ్యాంకుకి వెళ్లి ప్రొడక్షన్ పెంచుతానంటే వింటారు గానీ బిల్లు తగ్గించుకుంటానంటే అంత ఆసక్తి చూపించరు, తగ్గిన బిల్లుని తాకట్టు పెట్టుకోలేరు కాబట్టి.

అద్దె ఇళ్లదీ అంతే, ఫ్యాన్లూ ఏసీ కొనేది ఓనరు, బిల్లు కట్టేది అద్దెకున్నవాళ్లు, చవకది పెట్టేస్తే ఓనర్‌కి పోయేదేం లేదు.

ఇండియాలో 2015లో ఎల్‌ఈడీ బల్బులు చవగ్గా పంచే ఉజాలా పథకం మొదలైనప్పుడు ఎల్‌ఈడీ మంచిదని జనానికి కొత్తగా తెలిసిందేం కాదు. కోట్లలో బల్బులకి ఒకేసారి టెండర్లు పిలిచారు, 2014కీ 2016కీ మధ్య ప్రభుత్వ సంస్థ కొనే రేటు దాదాపు ఎనిమిదో వంతుకి పడిపోయింది, చాలా చోట్ల కరెంటు బిల్లులోనే కొంచెం కొంచెంగా కట్టుకోమన్నారు. 60 వాట్ల బల్బు తీసి 9 వాట్లది పెట్టి రోజుకి ఐదు గంటలు వెలిగిస్తే ఏడాదికి 93 యూనిట్లు మిగులుతాయి, ఆ మిగిలిన డబ్బులోంచే కిస్తీ వెళ్లిపోతే ఎవరు వద్దంటారు? ముప్పై ఆరు కోట్లకి పైగా బల్బులు పంచారు. థాయ్‌లాండ్ వాళ్లయితే 1993లో ఇంకో దారి పట్టారు, కరెంటు సంస్థ నేరుగా ట్యూబులైట్ కంపెనీలతో మాట్లాడి 40 వాట్ల లావు ట్యూబులు ఆపించి 36 వాట్ల సన్నవి చేయించింది, షాపులో దొరికేదే మంచిదైతే కొనేవాడికి బుర్ర పాడుచేసుకునే పని లేదు.

కరెంటు రేట్ల విషయం దీనికంటే కష్టం. మీటర్ లేకుండా పంపు మోటారు సైజు (హార్స్‌పవర్) లెక్కన కట్టించుకునేచోట ఒక యూనిట్ మిగిల్చినా రైతుకి పైసా రాదు, మంచి పంపు ఎందుకు కొంటాడు. అలాగని సబ్సిడీ ఒక్కసారిగా తీసేస్తే ఏమవుతుందో నైజీరియా చూపించింది, 2012 జనవరి 1న పెట్రోల్ సబ్సిడీ తీసేశారు, దేశమంతా సమ్మెలు జరిగాయి, దాదాపు రెండు వారాలకే కొంత వెనక్కి తగ్గాల్సి వచ్చింది. ఇరాన్‌లో 2010లో ఇంధనం, కరెంటు ధరలు పెంచేముందే కుటుంబాల ఖాతాల్లో డబ్బు వేశారు, తర్వాత అన్నిటి ధరలూ పెరిగిపోయి ఆ డబ్బు విలువ కరిగిపోయింది గానీ, ముందు డబ్బు ఇచ్చి తర్వాత రేటు పెంచడం అనే వరుస మాత్రం నాకు సబబుగానే అనిపిస్తుంది.

ఒకటి నిజాయితీగా ఒప్పుకోవాలి, మెక్సికోలో 2009 నుంచి పాత ఫ్రిజ్‌లు, ఏసీలు మార్చిన పథకంలో ఫ్రిజ్‌లతో అనుకున్నంత ఆదా రాలేదు, ఏసీ మార్చిన ఇళ్లల్లో వాడకం పెరిగింది కూడా. దాన్ని వృథా అనడానికి నాకు మనసొప్పదు, బిల్లు భయంతో ఉక్కపోతలో పడుకున్న వాళ్లు ఇంకో గంట చల్లగా పడుకున్నారంతే.

ఇకమీదట పొదుపు మీద స్టోరీ వేసేటప్పుడు ఆ వస్తువు కొనడానికి అప్పు దొరుకుతుందా, ఎంత వడ్డీకి, కిస్తీ కరెంటు బిల్లులో కలిపే వీలుందా, ఈ మూడూ కూడా మీ రిపోర్టర్లతో అడిగించి రాయించండి.

ఇట్లు,
మీ పాఠకుడు