ఆ ఉలికి వాదర పోయింది మావా

నెల్లూరు,
ఆదివారం మధ్యాహ్నం

మావా,

నీ ఉత్తరం అందిన మాట నిజం, రెండు నెలలుగా జవాబు రాయని మాటా నిజం. క్షమించరా. ఆపరేషన్ థియేటర్‌లో డ్యూటీ అయ్యి గదికి వచ్చేసరికి అన్నం తినే ఓపిక కూడా ఉండటం లేదు. ఈరోజు మాత్రం రాయకుండా ఉండలేను. మా వార్డు బాయ్ సాయంత్రం పినాకినికి ఒంగోలు వస్తున్నాడు, వాడి చేతికే ఇస్తున్నా. ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. నువ్వు మధ్యలో వంద ప్రశ్నలు వేసి అసలు సంగతి చెప్పనివ్వవు. పైగా ఇందులో ఒక బొమ్మ కూడా గీయాలి.

ముందు ఇంటి కబుర్లు అయిపోగొడతా. అమ్మకు షుగరు అదుపులోనే ఉంది. తమ్ముడు ఈసారి రొయ్యల గుంట కౌలుకు తీసుకోలేదు, బతికిపోయాం. నేను పొగతోటలోనే వేరే గదికి మారాను, అద్దె ఐదొందలు ఎక్కువ, నీళ్ళు బాగున్నాయి. పెళ్ళిచూపుల సంగతి అడిగావు, అది చివర్లో రాస్తా. మలై కాజా పంపుతున్నా, హాస్టల్లో మన ఎనిమిదో నంబరు గదిలో పంచినట్టు పంచకు, ఈసారి నువ్వే తిను.

ఇప్పుడు అసలు సంగతి.

పోయిన మంగళవారం మాకు ఒక ఆర్థో కేసు, అంటే ఎముకల ఆపరేషన్. వింజమూరు వైపు పల్లె నుంచి వచ్చిన ఒక వడ్రంగి పెద్దాయన, డెబ్బైకి దగ్గరలో ఉంటాడు. ఎనిమిది నెలల కింద గుమ్మం బిగిస్తూ నిచ్చెన మీంచి పడ్డాడు. మోకాలి కింద ఎముక విరిగితే ఊళ్ళో ఆకుకట్టు కట్టించుకున్నాడు. అది అతుక్కోలేదు, విరిగిన చోట కదులుతూనే ఉంది. ప్లేటు వేసి, తుంటి ఎముక అంచు నుంచి కొంచెం ఎముక తీసి అక్కడ పెట్టాలి. నీకు తెలిసిందే. నడుముకు మత్తు ఇచ్చారు, మనిషి మెలకువగానే ఉన్నాడు. నిద్రమందు ఇస్తానంటే వద్దన్నాడట. "నేనేం భయపడన్లే తల్లీ" అని మత్తు మేడంతో అంటుంటే నేనూ విన్నా. తలవైపు పచ్చగుడ్డ అడ్డం కట్టాం.

పనిముట్ల ట్రాలీ నేనే పరిచాను. అది గుర్తుపెట్టుకో.

పెరియాస్టియం ఎలివేటర్‌తో సర్జన్ సారు తుంటి ఎముక మీది పొర లేపారు. ఎముక కోసే ఉలి, ఆస్టియోటోమ్ అడిగారు, ఇచ్చాను. దాన్ని కొట్టే మ్యాలెట్ ఇచ్చాను. టక్, టక్, టక్. నాలుగో దెబ్బో ఐదో దెబ్బో పడింది. పచ్చగుడ్డ అవతల నుంచి మాట వచ్చింది.

"సారూ, ఆ ఉలి మార్చండయ్యా. వాదర పోయింది."

థియేటర్‌లో అందరం ఆగిపోయాం. వాదర అంటే ఉలి అంచు పదును మావా. మేడం "తాతా, మాట్లాడకూడదు, కదలకూడదు" అంటున్నారు. సారు చెయ్యి గాల్లోనే ఆగింది. కోప్పడతారని నేను తల వంచుకున్నా. ఆయన ఏమీ అనలేదు. ఉలిని బయటికి తీసి, గాజ్ గుడ్డతో రక్తం తుడిచి, లైటు కిందికి తెచ్చి అటూ ఇటూ తిప్పి చూశారు. తర్వాత నా వైపు తిప్పారు. అంచుకు ఒక మూలన గాటు, మావా. నువ్వుగింజలో సగం ఉంటుంది. అంతే.

సారు అడిగింది ఒక్క మాట. "ముక్క ఏది?"

ఆ మాట ఇప్పుడు రాస్తుంటే కూడా చెయ్యి చల్లబడుతోంది. గాటు పడిందంటే విరిగిన ముక్క ఒకటి ఎక్కడో ఉండాలి కదా. అది పెద్దాయన ఒంట్లో ఉందా? సెలైన్‌తో కడిగాం. గాజ్ గుడ్డ ముక్కలన్నీ ఒక్కొక్కటి విప్పి చూశాం. రక్తం పీల్చే సక్షన్ సీసా వడగట్టాం. సి ఆర్మ్ ఎక్స్‌రే తెచ్చి తుంటి మీద పెట్టి, నేరుగా ఒకటి, ఏటవాలుగా ఒకటి తీశారు. ఎముక తప్ప ఏమీ లేదు. సారు భూతద్దం తెప్పించుకుని గాటును మళ్ళీ చూశారు. అప్పుడే విరిగినదైతే దాని అంచులు గరుకుగా, మెరుస్తూ ఉంటాయి. ఇది నునుపు తేలి మసకబారి ఉంది. పాత గాటు. ఎప్పుడు పడిందో!

అంటే ముక్క లోపల లేదు. దేవుడి దయ. కానీ ఆ గాటుతోనే ఆ ఉలి నా చేతుల మీదుగా కడిగి, ఆరబెట్టి, మూట కట్టి, ఆవిరితో క్రిములు చంపే ఆటోక్లేవ్‌లో పెట్టి, ట్రాలీ మీదికి వచ్చింది. ఎన్నిసార్లు వచ్చిందో లెక్క లేదు. 121 డిగ్రీలు, 15 పౌండ్ల ఒత్తిడి, ఇండికేటర్ టేపు రంగు మారిందా లేదా, ఇవన్నీ చూశాను. ఉలి అంచు చూడలేదు. సామాన్ల లెక్క సరిపోతే సెట్టు సరిపోయినట్టే అనుకున్నాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, ఈ మాట నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

రెండో సెట్టు విప్పి వేరే ఉలి ఇచ్చాను. టక్, టక్. ఈసారి నాకు కూడా తేడా తెలిసింది, ఒట్టు. మొదటిది కొంచెం మోగినట్టుగా, వెనక్కి తన్నినట్టుగా ఉండింది. ఇది పొడిగా దిగింది. పచ్చగుడ్డ అవతల "ఆఁ, ఇదీ" అన్నాడు పెద్దాయన.

సారు పని చేసుకుంటూనే అడిగారు, ఎట్టా కనిపెట్టావు పెద్దాయనా అని. "దెబ్బ కొడితే ఉలి కర్రలోకి పోయే చప్పుడు ఒకటి, పోకుండా ఎగిరే చప్పుడు ఒకటి. యాభై ఏళ్ళుగా వింటున్నా కదయ్యా" అన్నాడు. సారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత మాతో అన్నారు, ఎముకలో ఉలి అవతలి గోడకు చేరేటప్పుడు చప్పుడు మారుతుంది, చేత్తో పాటు చెవి కూడా పెట్టాలి అని. మీ ఈఎన్‌టీ వాళ్ళ ముక్కు ఆపరేషన్లలో కూడా అంతేనంట కదా, పక్క ఎముక కోసేటప్పుడు చప్పుడు మారగానే ఆపుతారని. నువ్వు విన్నావా ఎప్పుడైనా? రాయి.

మిగతాది మామూలే. ఎముకను కొరికే నిబ్లర్‌తో అతుక్కోని చోట గట్టిపడ్డదంతా తీసేశారు, ప్లేటు బిగించారు, తీసిన ఎముక చుట్టూ పేర్చారు. కుట్లేసేముందు సామాన్ల లెక్క సరిపోయింది.

మూడో రోజు వార్డులోకి వెళ్తే పెద్దాయన నన్ను పిలిచాడు. "అబ్బయ్యా, ఆ ఉలి ఒకసారి చూపిస్తావా?" ఆయన ఒంటి మీద వాడినది, అడిగే హక్కు ఆయనకు ఉంది కదా అనిపించింది. సారును అడిగితే, పనికిరావని పక్కన పెట్టిన సామాన్లు కొత్తవాళ్ళకు నేర్పడానికి ఒక ట్రేలో ఉన్నాయి, అవి శుభ్రం చేసి పట్టుకెళ్ళు అన్నారు. ఆ గాటు ఉలి కూడా ఇప్పుడు అందులోనే ఉంది. తీసుకెళ్ళి మంచం మీద గుడ్డ పరిచి పెట్టాను.

మావా, నువ్వు అక్కడ ఉండాల్సింది. ఆయన ఒక్కొక్కటి తీసి పేరు పెట్టుకుంటూ పోయాడు. ఆస్టియోటోమ్ ఉలి. గౌజ్ గుల్ల ఉలి. మ్యాలెట్ కొడతి, "మాది చింతకర్రది, మీది ఇనుముది" అన్నాడు. హ్యాండ్ డ్రిల్‌ను చూసి బరమా అన్నాడు. నిబ్లర్‌ను రెండుసార్లు మూసి తెరిచి, ఇన్ని కీళ్ళు ఎందుకని అడిగి, మళ్ళీ తనే నొక్కి చూసుకుని "ఓహో, తక్కువ బలంతో ఎక్కువ కొరుకుడు" అన్నాడు. జిగ్లీ రంపం తీగ చూసి మాత్రం చాలాసేపు ఊరుకున్నాడు. లోపల నుంచి తీగ దూర్చి పైకి కోసుకొస్తే చుట్టూ ఉన్న కండకు ఏమీ కాదని చెప్పాను. 1890ల్లో ఇటలీ డాక్టరు ఒకాయన కాన్పు కష్టమైన తల్లుల కోసం తయారు చేశాడు, అదే ఎముకల పనికి వచ్చిందని చెప్తే, "తల్లుల కోసమా" అని దాన్ని జాగ్రత్తగా చుట్ట చుట్టి పక్కన పెట్టాడు.

ఆ ట్రేలో మీ వాళ్ళ సామాను కూడా కొంత ఉంది, మాకు ఈఎన్‌టీ కేసులు వారానికి రెండు రోజులు పడతాయి కదా. కిలియన్ గౌజ్ తీశాడు, పిడి దగ్గర తుపాకీ బాకులా మెలిక తిరిగి ఉంటుందే, అది. మన కాలేజీలో అది ఎందుకు వంకరో ఎవరూ చెప్పలేదు, మనమూ అడగలేదు. ఈయన కంటి ముందు పెట్టుకుని ఒక క్షణం చూసి, "చెయ్యి చూపుకి అడ్డం రాకుండా" అన్నాడు. ముక్కులో దూర్చేదని నేను ఇంకా చెప్పనేలేదు! థూడికమ్ స్పెక్యులమ్ ఒక్కటే ఆయనకు అంతుపట్టలేదు. వేలికి తగిలించుకుని ముక్కుపుటం ఎలా తెరుస్తారో చూపించాను. మన వార్డెన్ గుర్తొచ్చి నాకు నవ్వు ఆగలేదు, నీకు తెలుసుగా ఎందుకో.

ఇప్పుడు ఆ బొమ్మ. వైవాలో మనిద్దరినీ అడిగిన ప్రశ్న గుర్తుందా, చిజెల్‌కూ ఆస్టియోటోమ్‌కూ తేడా ఏంటని? ఒకవైపు ఏటవాలు ఉంటే చిజెల్, రెండువైపులా ఉంటే ఆస్టియోటోమ్ అని గడగడా చెప్పాం, మార్కులు వేశారు. ఎందుకు అలా అని వాళ్ళు అడగలేదు, మనకు తెలియదు. పెద్దాయన ఆ రెండూ పక్కపక్కన పెట్టి, నా జేబులో పెన్సిల్ తీసుకుని మందుల చీటీ వెనక గీశాడు. దాన్నే చూసి వెనక పేజీలో గీస్తున్నా.

ఒకవైపే ఏటవాలుంటే, కొట్టినప్పుడు ఆ ఏటవాలు ఉలిని పక్కకు నెడుతుంది, చదునుగా ఉన్న వైపుకు జరుగుతుంది. అందుకే గుమ్మానికి బెజ్జం కొట్టేటప్పుడు గీత మీదే ఉలి పెడితే గీత దాటిపోతుంది, కొంచెం ఇవతల పెట్టి మొదలుపెట్టాలి అన్నాడు. చెక్కేయడానికి, పైపైన పొర లేపడానికి అదే మంచిది. రెండువైపులా సమానంగా ఉంటే రెండు నెట్టుళ్ళూ ఒకదానికొకటి సరిపోయి ఉలి నేరుగా దిగుతుంది. "ఎముకను చీల్చాలంటే ఇదే కావాల, చెక్కాలంటే అదే కావాల" అన్నాడు. అయిపోయింది మావా. మూడేళ్ళ చదువులో నాకు అర్థం కానిది మంచం పక్కన నిలబడి ఐదు నిమిషాల్లో అర్థమయింది. నాకు కళ్ళు చెమర్చాయి. ఎందుకో సరిగ్గా చెప్పలేను. మా నాన్న ఉంటే...

సరే, అది వదిలెయ్.

తర్వాత ఆయన గాటు ఉలి తీసుకుని అంచును బొటనవేలి గోరు మీద ఆనించాడు. పదును ఉంటే గోటి మీద నిలబడుతుందట, లేకపోతే జారుతుందట. ఇది జారింది. "సాన ఎవరు పడతారు దీనికి?" అన్నాడు. మేం పట్టం తాతా, కంపెనీ మనిషి వస్తే పంపుతాం, లేకపోతే పక్కన పెట్టి కొత్తది కొంటాం అన్నాను. ఆయన ముఖం మారిపోయింది. "పనిముట్టుకు సాన పట్టనోడికి అది ఎప్పుడు అలిసిపోయిందో ఎట్టా తెలుస్తాది నాయనా?" అన్నాడు. నన్ను తిట్టడానికి కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

అందుకే ఇప్పుడు ఏం చేస్తున్నానో రాస్తా, నువ్వూ చెయ్యి, నీ మీద ఒట్టు. ఉలులన్నీ ఒకే ట్రేలో కలగాపులగంగా వేయడం మానేశాను. కడిగేటప్పుడు ఒకదానికొకటి తగిలి అంచులు పోతాయి. వేటికవే గదులున్న ట్రే, అంచులకు రబ్బరు టోపీలు సారుతో అడిగి తెప్పించాను. మూట కట్టే ముందు లైటు కింద భూతద్దంతో అంచు చూస్తున్నా, తర్వాత గాజ్ గుడ్డ మీద మెల్లగా లాగుతున్నా. గాటుంటే పోగు పట్టుకుంటుంది. రక్తనాళాలు పట్టుకునే ఆర్టరీ ఫోర్సెప్స్ అయితే మొదటి పంటికి మూసి అరచేతికి కొట్టి చూస్తున్నా, దానంతటది తెరుచుకుంటే పక్కన పెట్టేస్తున్నా. మెట్జెన్‌బామ్ కత్తెర కొనదాకా తెగుతోందా లేదా పాత గ్లవ్ మీద చూస్తున్నా. మీ దగ్గర ముక్కుకు వాడే 2 మిల్లీమీటర్ల ఉలులున్నాయే, అవి మరీ సన్నం, ముందు వాటిని చూడు. రేపే చూడు.

పెద్దాయనను శుక్రవారం ఇంటికి పంపారు. కుట్లు తీయించుకోడానికి వచ్చేటప్పుడు సాన రాయి తెస్తానన్నాడు. ఆ గాటు ఉలి మీద నాకు సాన పట్టడం నేర్పుతాడట. ఎటూ అది మళ్ళీ థియేటర్‌లోకి రాదు కాబట్టి సారు సరే అన్నారు, తను కూడా వచ్చి చూస్తానన్నారు. నువ్వు ఆ రోజుకు సెలవు పెట్టి రాగలవా? పొద్దున బస్సెక్కితే కావలి దాటేసరికి నిద్ర లేస్తావు, మధ్యాహ్నం చేపల పులుసుకు ఇక్కడుంటావు. తేదీ తెలియగానే

వార్డు బాయ్ వచ్చి తలుపు కొడుతున్నాడు, ఆటో ఆపుకుని ఉన్నాడంట. పెళ్ళిచూపుల సంగతి రాయనేలేదు. బొమ్మ వెనక పేజీలో ఉంది, చదును వైపు ఏదో బాణం గుర్తు వేశాను, చూసుకో. కాజా డబ్బా వాడి చేతి నుంచి గుర్తుపెట్టుకుని తీసుకో

నీ
మావ